మేత చెరువులో పడ్డ పెద్ద చేప, ఏటిలో పడ్డ పెద్ద చేప: రెండిటికీ ఒకే విలువా?

గట్టుమీద గాలం (చీపురుపల్లి)
గాలంతో పట్టిన పెద్ద చేపలకి ఏటా రాసుకునే మన పట్టికకి ఈసారి తగువు తప్పేలా లేదు. పట్టికలో మొదటి మూడింట్లో రెండు ప్రైవేటు చెరువుల్లో పడ్డ పండుగప్పలు, మూడోది నాగావళి వాలుగ. చెరువు చేపని అదే వరుసలో రాయొచ్చా, రాయకూడదా అన్నదే ప్రశ్న.

అమెరికాలో బాస్ అనే వేట చేపని పట్టేవాళ్ల మధ్య ఈ తగువు ఎప్పటినుంచో ఉంది. అక్కడ సొంత చెరువు తవ్వించి, ముందు బ్లూగిల్ అనే మేతచేపని వదులుతారు. అది బాగా పిల్లేశాక ఫ్లోరిడా జాతి బాస్ పిల్లని వదులుతారు. ఏటా ఎకరాకి 10-15 కిలోల చిన్న బాస్‌ని తీసేసి, మిగిలినవాటికి తిండి సరిపోయేలా చూస్తారు. అలా 4-5 కిలోలకి తెచ్చిన చేప కోసం జనం రోజుకింత అని కట్టి గాలం వేస్తారు. మన దగ్గర ఆ బాస్ లేదు. సీబాస్ అని పిలిచే పండుగప్ప దానికి చుట్టం కాకపోయినా అలవాట్లు అవే: మాటు వేయడం, ఒక్క గుటకలో మింగడం, గాలం తగిలిన మరుక్షణం గాల్లోకి లేవడం.

అభిప్రాయం ఒక్కటీ చెప్పి వదిలేయకండి, కారణం కూడా రాయండి.

వంశధార వడి (హిరమండలం)
కారణం ఏటుంటాదండీ, చెరువులో చేప ఎక్కడికెల్తాది? నాలుగు గట్లూ దాటి పోనేదు కదా. ఏటిలో గాలం వెయ్యడం ఆఖరి పని. ముందు చేప ఎక్కడుందో ఎతకాల. గొట్టా బ్యారేజీకి కిందన మలుపులు సూడండి. వరద తీసి, నీరు ఎరుపు పోయి టీ రంగుకి వచ్చిన మూడు నాలుగు రోజులే వాలుగ దొరికే రోజులు. మలుపుకి బయటి వైపు గట్టు కోసుకుపోయి మడుగు పడతాది. వడి నీరు, నిలవ నీరు కలిసే గీత అక్కడుంటాది. వాలుగ ఆ గీతకి నిలవ నీటి వైపున, అడుక్కి ఆనుకుని పడుంటాది. ఎర గీతకి రెండు బారలు అటు పడితే రోజంతా కూకున్నా ముట్టదు. రాత్రి నీటిమట్టం జానెడు మారితే గీతే జరిగిపోతాది, మళ్లీ మొదటినుంచీ ఎతకాల.

మేత చెరువులో ఏటుంది? పొద్దున్న 8కి మేత, సాయంత్రం 4కి మేత, వేసే మూల ఒకటే. ఆ టైముకి ఆ మూలకి ఆ రంగు ఎర వేస్తే గుంటడికి కూడా పడతాది. దాన్ని పట్టికలో రాయడం, సంతలో కోడిని కొని వేటాడేనని చెప్పుకోడం, రెండూ ఒకటే.

ఉప్పుటేరు (భావనపాడు)
సంతకోడి మాట బాగుంది గాని, లెక్క చూడండి అన్నా. పండుగప్పలో ప్రపంచ రికార్డు 44.64 కిలోలు, 2010లో ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లోని మొండురాన్ జలాశయంలో పడింది. పండుగప్ప గుడ్లు పెట్టాలంటే ఉప్పునీటికి దిగాలి. ఆనకట్ట వెనక మంచినీటిలో అది సంతతి పెట్టదు. అంటే ఆ రికార్డు చేప ఎవరో పిల్లగా తెచ్చి వదిలిందే. వదిలిన చేపని లెక్కలోకి తీసుకోకపోతే ఆ రికార్డునీ కొట్టేయాలి.

ఇంకో సంగతి. పండుగప్ప మొదట మగదిగా ఉండి, పెరిగాక ఆడదిగా మారుతుంది. ఏటి ముఖద్వారంలో 90 సెంటీమీటర్లు దాటిన చేప దాదాపు ఖాయంగా గుడ్ల తల్లి. కళ్లేపల్లిలోనో కళింగపట్నంలోనో దాన్ని పట్టి కూరొండుకుంటే ఏటికి నష్టం. చెరువులో ఉన్నదానికి ఆ బాధ లేదు.

బెండు మునిగింది (నెల్లిమర్ల)
మొండురాన్ వేల ఎకరాల జలాశయం. పిల్లని వదిలారంతే, ఎవరూ మేత వేయలేదు. దాన్నీ మూడెకరాల చెరువునీ ఒక గాటన కట్టకండి. వదలడం వేరు, మేపడం వేరు.

ఉప్పుటేరు
ఒప్పుకున్నాను. అయితే గీత గీయాల్సింది వదిలారా లేదా అన్న చోట కాదు, మేపారా లేదా అన్న చోట.

చెరువు లెక్క (పూసపాటిరేగ)
ఆ గీత కూడా అంత తేలిక కాదు. చెరువు పెట్టే విధానాన్ని బట్టి ఒకే చేప గొర్రెపిల్లలా వస్తుంది, లేదా పులిలా ఉంటుంది. పండుగప్ప చెరువు గాలం కోసమే పెట్టాలనుకునేవాళ్లకి మొదటినుంచీ రాస్తాను. కొంచెం పొడుగవుతుంది.

పిల్ల: హేచరీ నుంచి వచ్చే పిల్ల 2-3 సెంటీమీటర్లు ఉంటుంది. మన దేశంలో దీన్ని హేచరీలో పుట్టించడం చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపల సాగు పరిశోధన) సంస్థకి 1997లో కుదిరింది, అప్పటినుంచీ పిల్ల కోసం ఏటి మీదే ఆధారపడే పని తప్పింది. ఈ పిల్లని నేరుగా చెరువులో పోస్తే మిగిలేది గుప్పెడే, ఎందుకంటే ఒకదాన్నొకటి మింగుతాయి. పక్కదానికంటే మూడోవంతు పెద్దదైతే చాలు, నోరు పడుతుంది. చెరువులోనే హాపా (సన్న వలతో చేసిన పెట్టె) కట్టి, 4-5 రోజులకోసారి జల్లెడ పట్టి సైజుల వారీగా విడదీయాలి. ఈ పని ఒక్కవారం మానేసినా సగం పిల్ల పోతుంది. చచ్చిన పిల్ల పైకి తేలదు కాబట్టి (తోటిదాని కడుపులో ఉంటుంది) రైతుకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. 10 సెంటీమీటర్లు దాటాక చెరువులోకి.

సంఖ్య: అమ్మకానికి పెంచేవాళ్లు ఎకరాకి వేలల్లో వేస్తారు. గాలం చెరువుకి ఆ లెక్క పనికిరాదు. 150-200తో మొదలుపెట్టి, వెనకబడ్డవాటిని ఏటా తీసేస్తూ, మూడో ఏటికి 60-80కి తేవాలి. 80 చేపలు, తలకి 5 కిలోలు అనుకుంటే ఎకరాకి 400 కిలోలు. ఇది 1 హెచ్‌పీ ఏరేటరు (నీటిలో గాలి కలిపే యంత్రం) మోయగల బరువే. ఇంతకు మించితే ఆగస్టు ఉక్కపోతలో, మబ్బు పట్టిన రెండో రోజు తెల్లవారుజామున చేప చచ్చి తేలుతుంది.

తిండి: అసలు తేడా ఇక్కడ. గింజ మేతకి అలవాటుపడ్డ పండుగప్ప గట్టు మీద అడుగుల చప్పుడుకి తోక ఊపుతూ వస్తుంది. దాన్ని పట్టడంలో గొప్పేమీ లేదు, వంశధార వడి గారి మాట నిజమే. అదే చెరువులో రెండు నెలల ముందు తిలాపియా పెట్టి (దానికి అనుమతి కావాలి, ఆ సంగతి మరవొద్దు), కాలువ నుంచి వచ్చే చిన్న పరిగెలూ రొయ్యపిల్లా ఉంటే పండుగప్ప తన తిండి తను వేటాడుకుంటుంది. కిలో మాంసం పెట్టడానికి ఎన్నో కిలోల మేతచేప తింటుంది కాబట్టి ఖర్చు ఎక్కువ, పెరుగుదల నెమ్మది. కానీ అది ఎరని చూసి అనుమానించే చేప అవుతుంది. అలాంటి చేపని గింజ చూపించి మోసం చేయలేరు.

చెరువు అడుగు: ఒక వైపు 7-8 అడుగుల లోతు, రెండో వైపు మోకాలి లోతు మెరక. తాటిమొద్దులూ సరుగుడు కొమ్మలూ చెరువులో మూడోవంతుకి మించి వేయకూడదు. అంతకు మించితే తగిలిన ప్రతి చేపా కొమ్మల్లో దూరి దారం తెంపుకుంటుంది. నోట్లో గాలంతో మిగిలిపోయిన చేప నెలకి పావుకిలో తగ్గినా ఆశ్చర్యం లేదు.

బెండు మునిగింది
పావుకిలో లెక్క ఎక్కడిదో గాని, మిగతాదంతా పనికొచ్చేదే. తిలాపియా గురించి ఒక్క మాట కలపాలి. పండుగప్పలు తక్కువై తిలాపియా ఎక్కువైతే, మూడు నాలుగు అంగుళాల దగ్గరే గిడసబారి చెరువంతా అదే నిండుతుంది, ఉన్న ఆక్సిజన్ అది పీల్చేస్తుంది. పెట్టిన ఏడాదికి ఒకసారి వల లాగి చూడాలి. వలలో బొటనవేలు సైజు పిల్ల కనబడకుండా అన్నీ అరచేతంతే ఉంటే, పండుగప్ప నోటికి పట్టే చిన్నవి ఇక లేవని అర్థం. పెద్దవాటిని తీసేయాల్సిందే.

తెలగపిండి (ఆమదాలవలస)
అందరూ పండుగప్ప మీదే పడ్డారు. బొచ్చె గాలానికి ఏటిలో కంటే చెరువులోనే కష్టం, ఇది రాసి పెట్టుకోండి.

బొచ్చె వేటాడే చేప కాదు. నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని మొప్పల జల్లెడతో వడగట్టుకు తింటుంది. మోసు చేపలాగా అడుగున ముక్కు పెట్టదు, పైనీటిలో తిరుగుతుంది. అందుకే దానికి గట్టి ఉండ పనికిరాదు, మబ్బులా విడిపోయే పొడి కావాలి. బాగా నడిచే పాళ్లు ఇవి: సన్నతవుడు 4 పాళ్లు, పుట్నాల పొడి 2, వేరుశెనగ తెలగపిండి 1, కాస్త బెల్లం నీరు. నీరు చిలకరిస్తూ కలపాలి. పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేలితో పొడిస్తే పొడి రాలాలి. గ్లాసు నీళ్లలో వేసి చూడండి: 8-10 నిమిషాల్లో పూర్తిగా విడిపోవాలి. 3 నిమిషాలకే విడితే తెలగపిండి పెంచండి, పావుగంటైనా విడకపోతే తవుడు పెంచండి.

బెండు కింద 3-4 అడుగుల లోతులో స్ప్రింగు, దానికి ఈ ముద్ద. కిందన బెత్తెడు దారానికి 6 నంబరు గాలం, దాని కొసన రెండు మరమరాలు. మరమరం తేలుతుంది కాబట్టి గాలం బరువు పోయి, పొడి మబ్బులో పొడిలాగే ఆడుతుంది. బొచ్చె పీల్చినప్పుడు దానితో పాటే లోపలికి పోతుంది.

కష్టం ఎక్కడంటే, కార్పు జాతి చేపలు గాలాన్ని గుర్తుపెట్టుకుంటాయి. ఒకసారి తగిలి తప్పించుకున్న చేప నెలల తరబడి అలాంటి ఎరకి దూరంగా ఉంటుంది. ఏటిలో ఆ చేపని మళ్లీ కలిసే అవకాశమే తక్కువ. రెండెకరాల చెరువులో వారానికి పదిమంది గాలం వేస్తే ఉన్న ప్రతి బొచ్చెకీ పాఠం వచ్చేసి ఉంటుంది. బెండు చుట్టూ బుడగలు వస్తాయి, ముద్ద కరిగిపోతుంది, గాలం మాత్రం ఖాళీగా వస్తుంది.

వంశధార వడి
అది సదువుకున్న చేప. ఏటి చేప సదువుకోనేదు గాని తెలివైంది. 😀

బొచ్చె మాట ఒప్పుకుంతాను. మరి గుత్తి గాలాలు వేసి ముద్ద చుట్టూ ఎనిమిది గాలాలు గుచ్చే చెరువుల సంగతేటి? చేప తినడానికొచ్చి కాదు, తోక ఊపబోయి పొట్టకి తగులుతాది. దాన్ని కూడా పట్టికలో రాస్తారేటి?

తెలగపిండి
రాయకూడదు. నోటికి తగలని చేపని ఏ లెక్కలోనూ వేయరు. 2006లో కాలిఫోర్నియాలో డిక్సన్ జలాశయంలో 25 పౌండ్లు దాటిన బాస్ పడింది. ఉన్న రికార్డు కంటే చాలా పెద్దది. గాలం నోటికి కాక ఒంటికి తగిలిందని పట్టినవాళ్లే దాన్ని రికార్డుకి పెట్టకుండా నీటిలో వదిలేశారు. గుత్తి గాలం వద్దని చెరువు గట్టు మీదే బోర్డు పెట్టాలి. ఒక్క గాలం, ముల్లు నొక్కేసి.

ఉప్పుటేరు
ముల్లు అంటే కొసకి వెనక ఉండే ఎదురు పన్ను, కొత్తవాళ్ల కోసం చెబుతున్నాను. పటకారతో నొక్కేస్తే సరి. పండుగప్ప కోసం వాడే ట్రెబుల్ హుక్కులకైతే (మూడు కొనల గాలం) ఇది తప్పనిసరి. లేదంటే ఒక కొన చేప దవడలో, రెండో కొన మీ బొటనవేలిలో ఉంటుంది.

సామాను: 7 అడుగుల మీడియం హెవీ రాడ్, 4000 సైజు రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), దాని ముందు బారెడు పొడవున 50 పౌండ్ల మోనో లీడర్ (గాలం వైపు కట్టే ఒంటిపోగు దారం). లీడర్ లేకపోతే రెండు చోట్ల తెగుతుంది. పళ్లు వాడిగా ఉండవు గాని దవడ ఆకురాయిలా గరుకు, పది నిమిషాల లాగుడులో అరగదీసేస్తుంది. చెంప డాలు అంచు బ్లేడే, పక్కకి తిరిగిందంటే బ్రెయిడ్ తెగిపోతుంది. అందుకే దీన్ని చెంప కింద వేలు పెట్టి ఎత్తకూడదు. కింది దవడ ఒక చేత్తో, పొట్ట కింద రెండో చెయ్యి. నిలువుగా వేలాడదీస్తే 6 కిలోల చేపకి మెడ దగ్గర కీలు సాగిపోతుంది. ఈతకొట్టుకుంటూ వెళ్లిపోయినా తర్వాత చచ్చిపోవచ్చు.

డిసెంబరు, జనవరిల్లో నీరు 22-23 డిగ్రీలకి దిగితే పండుగప్ప దాదాపు ముట్టదు. ఆ నెలల్లో డబ్బు కట్టించుకునే చెరువుకి వెళ్లకండి.

చెరువు లెక్క
వేసవికి కూడా షరతు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీరు బాగా వేడెక్కితే గాలం ఆపేయాలి. ఆ నీటిలో ఆక్సిజన్ తక్కువ, పావుగంట పోట్లాడిన చేప కోలుకోదు. తెల్లవారుజామునా వద్దు, రాత్రంతా ఆక్సిజన్ దిగి ఉంటుంది. చేప బలహీనంగా వస్తుంది, పట్టినవాడు తన చేతివాటం అనుకుంటాడు. సూర్యుడొచ్చిన రెండు గంటల తర్వాత అదే చేపకి తగిలించి చూస్తే రీలు ఏడుస్తుంది.

వదిలేటప్పుడు గాయానికి ఉప్పు: 10 లీటర్ల నీటికి 300 గ్రాముల రాళ్లుప్పు వేసి, ఆ తొట్టెలో నిమిషం రెండు నిమిషాలు. బొచ్చెకి ఇంకా ముఖ్యం. గాలం గాయం మీద చేప పేను పట్టిందంటే ఒక చేపతో ఆగదు.

గట్టుమీద గాలం
ఒకే చేప మూడుసార్లు పడితే? పోయినేడు మన పట్టికలోనే వేర్వేరు పేర్లతో మూడు ఫోటోలు ఉన్నాయి, మూడింట్లోనూ తోక పై అంచున ఒకే చోట సగం చంద్రుడిలా కొరికిన గుర్తు. 9 కిలోలు, 9.2, 8.8.

బెండు మునిగింది
దానికి ఆధార్ కార్డు తీయించండి.

నవ్వులాట పక్కనపెడితే చెరువు చేపకి ఇదే అసలు చిక్కు. ఏటిలో పెద్ద చేప ఒక్కొక్కటీ కొత్తదే. చెరువులో 70 చేపల్లో పెద్దవి నాలుగైతే, ఊరందరి రికార్డులూ ఆ నాలుగింటివే. బరువు తేడా చూశారుగా, ఒకరు మేత వేసిన గంటకి తూచారు, ఒకరు ముందు తూచారు.

నాగావళి నావ (శ్రీకాకుళం)
అందుకే బరువు మీద పట్టిక రాయడమే తప్పంటాను. పొడవు మీద రాయండి.

కొలిచి చూస్తే తెలుస్తుంది. పొడవు, నడుం చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, పొడవుని చుట్టుకొలతతో రెండుసార్లు గుణించి 29,000తో భాగిస్తే రమారమి కిలోలు వస్తాయి. 80 సెంటీమీటర్ల ఏటి పండుగప్పకి చుట్టుకొలత 47 ఉందనుకోండి: 6.1 కిలోలు. మేత చెరువులో అదే 80 పొడవు చేపకి 52 ఉంటే 7.5 కిలోలు దగ్గర. ఎముక ఒకటే, పైన పేరుకున్నది మేత సంచి. ఆ కిలో 400 గ్రాములు రైతు పెట్టిన ఖర్చు, పట్టినవాడి నేర్పు కాదు. ఆస్ట్రేలియా జలాశయాల పండుగప్పలు కూడా ఏటి చేపల కంటే బాగా బొద్దుగా ఉంటాయి. పొడవు మీద రాస్తే ఆ మేత తేడా చాలావరకు పోతుంది.

తూకం ఎంత చిక్కో బాస్ రికార్డే చెబుతుంది. 1932లో జార్జియాలో పడ్డది 22 పౌండ్ల 4 ఔన్సులు. 2009లో జపాన్ బివా సరస్సులో పడ్డది దానికంటే ఔన్సులోపే ఎక్కువ. పాత రికార్డు దాటాలంటే కనీసం 2 ఔన్సులు ఎక్కువ ఉండాలన్న నియమం వల్ల ఇద్దరినీ సమానమే అన్నారు. అంత పక్కా తూకానికే అలా అయితే, మనం కూరగాయల కాటాతో గట్టు మీద తూచిన 200 గ్రాముల తేడాకి కొట్టుకోవడం దేనికి?

వంశధార వడి
పొడవైతే నాకు సమ్మతమే. కానీ పక్కన గడి ఉండాల: ఏరా, జలాశయమా, మేత చెరువా, మేత లేని చెరువా అని. దాచొద్దు. చదివినోడు తూకం వేసుకుంతాడు.

ఇంకోటి, చెరువోళ్లకి. మదుం తూముకి జల్లెడ ఒక్కటే కడుతున్నారు. వరదొచ్చి గట్టు పొర్లితే రూప్‌చందూ తిలాపియా లాంటి పరదేశం చేపలన్నీ ఏటిలోకే. గట్టు మీద మీటరు ఎత్తు వల కట్టి, తూముకి బయటా లోపలా రెండు జల్లెడలు పెట్టండి. చెత్త పట్టి ఒకటి మూసుకుపోతే రెండోది పని చేస్తాది. ఏరు పాడు చేసేక చెరువులో చేప గొప్పదా, ఏటిలోది గొప్పదా అన్న తగువే ఉండదు.

చెరువు లెక్క
రెండు జల్లెడల మాట ఖాయం. నీరు వచ్చే వైపుది సన్న కన్ను, పోయే వైపుది మీ చిన్న చేప తలకంటే చిన్న కన్ను. వానాకాలంలో రోజుకోసారి తుడవాలి, లేకపోతే జల్లెడే గట్టుని తెంపుతుంది.

గట్టుమీద గాలం
అయితే పొడవు, పక్కన నీటి గడి, నోటికి తగిలితేనే. అదే చేప రెండోసారి పడితే మొదటివాళ్ల పేరే ఉంటుంది, తోకా రెండు వైపుల పొలుసులూ కనబడే ఫోటో పెట్టాలి. ఎవరికైనా అభ్యంతరమా?

తెలగపిండి
అభ్యంతరం లేదు, కొలబద్ద గురించే. టేపు చేప మీద నుంచి వంచి కొలిస్తే పొట్ట ఎత్తు కూడా కలిసి 3-4 సెంటీమీటర్లు పెరుగుతుంది. 6 అంగుళాల పీవీసీ గొట్టం మీటరున్నర ముక్క తీసుకుని నిలువునా రెండుగా కోయండి. ఒక చివర చెక్క బిళ్ల బిగించండి, లోపల టేపు అంటించండి. తడిపి చేపని అందులో పెట్టి, మూతి బిళ్లకి ఆనించి, నోరు మూసి చూడాలి. ఎండలో ఉన్న గొట్టం మీద పొడిగా పెడితే చేప ఒంటి మీది జిగురంతా ఊడిపోతుంది.

బెండు మునిగింది
తోక నొక్కి కొలవాలా, వదిలేసి కొలవాలా?

నాగావళి నావ
పండుగప్ప తోక గుండ్రం, ఎలా కొలిచినా పెద్ద తేడా రాదు. బొచ్చెకి చీలిక తోక, నొక్కితే రెండు సెంటీమీటర్లు కలుస్తాయి. బొచ్చెకీ శీలావతికీ చీలిక లోపలి అంచు దాకానే కొలుద్దాం.